అమ్మ పంపిన గ్లోవ్స్‌ను మేస్త్రీ ఎందుకు లాగేశాడు?

ప్రశ్న: నాకు ఇరవై ఏళ్లు. మాది నల్లగొండ దగ్గర పల్లె. ఐటీఐలో టర్నర్ (ఇనుప ముక్కను తిప్పుతూ చెక్కే లేత్ మిషన్ పని) చేసి నెలన్నర కింద బాలానగర్‌లో ఒక లేత్ షాపులో చేరాను. పద్నాలుగు మందిమి పనిచేస్తాం. జీతం 14 వేలు. పోయిన వారం మా పక్క షెడ్డులో ఒకాయనకు వేలు తెగింది. ఆ సంగతి ఫోన్లో చెబితే అమ్మ ఏడ్చి, మా బాబాయితో తోలు గ్లోవ్స్ కొనిపించి పంపింది. అవి వేసుకుని మిషన్ దగ్గర నిలబడ్డానో లేదో, మా మేస్త్రీ వచ్చి లాగి బల్ల కింద పడేశాడు. 'చెయ్యి పోగొట్టుకుంటావా' అని అందరి ముందూ తిట్టాడు. అదే మేస్త్రీ, నేను కొలత చూడటానికి మిషన్ ఆపితే మాత్రం 'ఇట్లా ఆపుకుంటూ కూర్చుంటే మాల్ ఎప్పుడు దిగుతుంది' అంటాడు. ఏది జాగ్రత్తో ఏది కాదో అర్థం కావట్లేదు. రాత్రి నిద్ర పట్టట్లేదు. పొద్దున మిషన్ ఆన్ చేయాలంటేనే టెన్షన్. ఇది మానేసి డెలివరీ పనికి పోదామా అనుకుంటున్నాను. ఏం చేయమంటారు?

– పేరు వద్దన్న పాఠకుడు, హైదరాబాద్

జవాబు:

తమ్ముడూ, ముందు నీ మేస్త్రీ సంగతి తేల్చేద్దాం. గ్లోవ్స్ విషయంలో ఆయన చేసింది నూటికి నూరు పాళ్లూ సరైనదే. కొలత విషయంలో ఆయన అంటున్నది నూటికి నూరు పాళ్లూ తప్పు. అందరి ముందూ తిట్టకుండా ఎందుకో ఒక్క మాట చెప్పి ఉంటే నీకు ఇన్ని రాత్రులు నిద్ర చెడేది కాదు. ఆయన చెప్పలేదు కాబట్టి నేను చెబుతాను. ముప్పై ఏళ్లకు పైగా లేత్ మీదే బతికినవాణ్ని.

ఒక చిన్న లెక్క చెయ్యి. నీ చక్, అంటే జాబ్‌ను (చెక్కే ముక్కను) బిగించి తిప్పే ఆ గుండ్రటి పట్టు, అడ్డంగా 200 ఎం.ఎం. అనుకుందాం. చుట్టుకొలత దాదాపు 628 ఎం.ఎం. స్పీడు 500లో పెట్టావనుకో, నిమిషానికి 500 చుట్లంటే సెకనుకు ఎనిమిదికి పైనే. ఏదో తగిలిందని నీ ఒంటికి తెలిసి, చెయ్యి వెనక్కి లాక్కోవడానికి ఎంత చురుకైనవాడికైనా పావు సెకను పడుతుంది. ఆ పావు సెకనులో చక్ రెండు చుట్లు తిరిగేస్తుంది. రెండు చుట్లంటే మీటరుంపావు. నీ చెయ్యి భుజం దాకా కొలిచినా అంత పొడవుండదు. అంటే 'లాగేసుకుంటాలే' అనుకోవడానికి అక్కడ టైమే లేదు. నీకు తెలిసేసరికే అయిపోయి ఉంటుంది.

ఇప్పుడు గ్లోవ్స్ దగ్గరికి రా. ఉత్త చేతికి జాబ్ అంచు తగిలితే చర్మం చీరుకుంటుంది, రక్తం వస్తుంది, నాలుగు కుట్లు పడతాయి. అదే తోలు గ్లోవ్ అంచు చక్ జాకు (జాబ్‌ను పట్టుకునే దవడకు) తగులుకుంటే తోలు చిరగదు. గట్టిగా ఉండాలనే కదా దాన్ని తోలుతో కుట్టింది. అది చిరగకుండా చేతిని కూడా తనతో తీసుకుపోతుంది. అమ్మ నీ చేతిని కాపాడాలని ఏ గట్టిదనం చూసి కొనిపించిందో, తిరిగే మిషన్ దగ్గర ఆ గట్టిదనమే ప్రమాదం. లేత్, డ్రిల్లింగ్, మిల్లింగ్, ఏది తిరుగుతున్నా ఇదే లెక్క. నూలు గ్లోవ్స్ కూడా వద్దు. పోగు ఊడితే చాలు.

గ్లోవ్స్ ఒక్కటే కాదు, నీ ఒంటి మీద ఇంకేమున్నాయో ఒకసారి చూసుకో. మన షాపుల్లో నేను ఎక్కువ భయపడేది చేతికి కట్టుకునే దారాలకి. కాశీ దారం, దర్గా దారం, జాతరలో కట్టించుకున్న ఎర్ర దారం... ఒక్కొక్కరి మణికట్టుకు నాలుగైదు పేటలుంటాయి. నూనె పీల్చి, మురికి పట్టి, తాడంత గట్టిపడతాయి. చేత్తో లాగినా తెగవు. వాటి మీద నీకున్న నమ్మకాన్ని నేనేమీ అనను. అదే దారాన్ని మొలతాడుకు కట్టుకో, లేదా పర్సులో పెట్టుకో. ఉంగరం, రాగి కడియం, వాచీ డ్యూటీ దిగేదాకా నీ డబ్బాలో ఉండాలి. ఉంగరం పట్టుకుంటే వేలు మీది చర్మం మొత్తం తొడుగులా ఊడొస్తుంది. అది ఒకసారి చూసినవాడు మళ్లీ ఉంగరంతో మిషన్ దగ్గరికి రాడు.

అయ్యప్ప దీక్ష రోజుల్లో మాల తీయలేం కదా అని చాలామంది అడుగుతారు. నిజమే, 41 రోజులూ తీయరు. నేను చెప్పేది ఇది. మాలను బిగుతుగా ఉండే బనియన్ లోపలికి దోపి, పైన చొక్కా గుండీలు మెడదాకా పెట్టుకోవాలి. భుజం మీది కండువా మాత్రం మిషన్ దగ్గరికి రానే రాకూడదు. వీలైతే ఆ రోజుల్లో ఇన్‌స్పెక్షన్‌కో, ప్యాకింగ్‌కో మార్చమని మేస్త్రీని అడగొచ్చు. ఆయన కూడా ఏదో ఒక సంవత్సరం మాల వేసుకున్నవాడే అయి ఉంటాడు, అర్థం చేసుకుంటాడు. ఇక మెడలో వేలాడే ఆ బ్లూటూత్ నెక్‌బ్యాండ్. దానికి ఏ దేవుడి పేరూ లేదు, తీసెయ్. పాట వింటూ పనిచేస్తే టూల్ అరుస్తున్న చప్పుడు కూడా వినపడదు.

ఫుల్ చేతుల చొక్కా ఉంటే మోచేయి పైకి గట్టిగా మడత పెట్టు. మణికట్టు దగ్గర వదులుగా వేలాడే మడత అసలు మడత పెట్టకపోవడం కన్నా అధ్వానం. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలోనే, తిరుగుతున్న మిషనరీని పరీక్షించాలన్నా నూనె వేయాలన్నా అందుకు ప్రత్యేకంగా శిక్షణ పొందినవాడే, ఒంటికి పట్టిన బిగుతు బట్టలతో చేయాలనీ, ఆ బట్టలు యాజమాన్యమే ఇవ్వాలనీ 22వ సెక్షన్ రాసింది. బట్టల సంగతి చట్టంలోకి ఎక్కిందంటే ఎన్ని చేతులు పోయాక ఎక్కిందో ఊహించుకో.

జుట్టు సంగతి కూడా అంతే. 2011 ఏప్రిల్‌లో అమెరికాలోని యేల్ యూనివర్సిటీలో ఫిజిక్స్ చదువుతున్న 22 ఏళ్ల అమ్మాయి, రాత్రిపూట వర్క్‌షాపులో ఒంటరిగా లేత్ మీద పనిచేస్తుండగా జుట్టు చిక్కుకుని చనిపోయింది. ఇంకో నెలా రెండు నెలల్లో డిగ్రీ చేతికొచ్చేది. అంత పెద్ద యూనివర్సిటీ, అంత తెలివైన పిల్ల. మిషన్‌కు అవేవీ తెలియవు. ఆ వార్తలో నన్ను ఎక్కువ బాధ పెట్టిన మాట 'ఒంటరిగా' అన్నది. పక్కన మనిషి ఉంటే స్విచ్ ఆపేవాడు. అందుకే నైట్ ఓటీకి నిన్నొక్కణ్నే ఉంచి షట్టర్ దించి పోతామంటే ఒప్పుకోకు. ఎంత డబ్బులిస్తామన్నా సరే. నిజంగా చెబుతున్నాను.

ఇక కొలత. ఆపకుండా కొలవమనే మేస్త్రీకి చేతుల భయం చెబితే నవ్వుతాడు. 'నేను ఇరవై ఏళ్లుగా కొలుస్తున్నా, నాకేమైంది' అంటాడు. కాబట్టి ఆయనకు పట్టే మాటే చెప్పు. తిరిగే జాబ్ మీద కొలత చూసే వెర్నియర్ పెడితే దాని దవడలు అరిగిపోతాయి. నెల తిరక్కుండా రీడింగ్ తప్పు చూపిస్తుంది, జాబ్‌లు రిజెక్ట్ అవుతాయి. పైగా తిరుగుతున్నదాని మీద ఎవరు కొలిచినా సరైన కొలత రాదు. ఆపి కొలవడానికి పది సెకన్లు అనుకో. షిఫ్టులో 60 జాబ్‌లు, ఒక్కోటి రెండుసార్లు కొలిచినా మొత్తం 20 నిమిషాలు. ఆ 20 నిమిషాలు తొందరగా వచ్చి నేనే ఇస్తాను అని చెప్పు. నేను ఒకప్పుడు ఒక మేస్త్రీకి సరిగ్గా ఇదే చెప్పాను. ఆయన రెండు రోజులు మొహం ముడుచుకుని, మూడో రోజు నుంచి ఏమీ అనలేదు. నువ్వు మాత్రం ఎవరేమన్నా చక్ పూర్తిగా ఆగాకే చెయ్యి పెట్టు. స్విచ్ ఆపాక ఇంకా మెల్లగా తిరుగుతుంటుంది చూడు, అప్పుడు అరచేత్తో అదిమి ఆపే అలవాటు కొందరికుంది. అది నేర్చుకోకు.

ఇదంతా ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, నా కుడిచేతి చూపుడు వేలు మొదటి కణుపు దగ్గర ఇప్పటికీ వంకరే. నాకు ఇరవై మూడేళ్లప్పుడు ఒక షాపులో షాఫ్ట్ చేస్తున్నాను. బేరింగ్ కూర్చునే చోటు ఒక్క పిసరు టైటుగా ఉంది. టూల్‌తో కోత పెడితే ఎక్కడ లూజవుతుందోనని ఎమరీ గుడ్డ (ఉప్పు కాగితంలా నునుపు పట్టే గరుకు గుడ్డ) చింపి, షాఫ్ట్ చుట్టూ తిప్పి, రెండు కొసలూ కలిపి వేళ్లతో పట్టుకున్నాను. అప్పటికి అలా వందసార్లు చేసి ఉంటాను. ఆ రోజు గుడ్డకు నూనె అంటింది. ఒక కొస ఇంకో కొస మీదికి ఎక్కింది. ఎక్కడం నేను చూశాను, అంతవరకు గుర్తుంది. తర్వాత గుడ్డ షాఫ్ట్‌కు చుట్టుకుపోయింది, నా వేలు దానికీ టూల్‌ను పట్టుకునే టూల్ పోస్ట్‌కీ మధ్య ఉంది. ఎముక విరిగిన చప్పుడు మిషన్ చప్పుడులో వినపడలేదు. గోరు మాత్రం కింద ట్రేలో, చిప్స్ (లోహపు చెక్కుడు ముక్కలు) మధ్య కనిపించింది. ఎమరీ పట్టాల్సి వస్తే చుట్టకు. గుడ్డను చెక్క మీద అంటించి, లేదా ఆకురాయి కింద పెట్టి, పైనుంచి ఆనించు. ఆకురాయికి పిడి ఉండాలి, ఆ పిడి ఎడమ చేతిలో ఉండాలి. కుడిచేత్తో పిడి పట్టుకుంటే నీ ఎడమ చెయ్యి చక్ మీదుగా పోతుంది. మొదట్లో చేతకానట్టు అనిపిస్తుంది, పది రోజుల్లో అలవాటవుతుంది. కాటన్ వేస్టుతో తిరిగే జాబ్ తుడవడం కూడా నా ఎమరీ గుడ్డలాంటిదే.

చక్‌ను బిగించే చక్ కీ గురించి మీ ఐటీఐలో చెప్పే ఉంటారు, అయినా మళ్లీ చెబుతాను. కీ చక్‌లో ఉన్నంతసేపూ నీ చెయ్యి కీ మీదే ఉండాలి. చెయ్యి తీస్తున్నావంటే కీ కూడా నీతో బయటికి రావాలి. 'జాబ్ తెచ్చుకుని వస్తా, ఒక్క క్షణం' అని దానిలోనే వదిలిపోతే, ఆ క్షణంలోనే ఎవరో పిలుస్తారు. తిరిగొచ్చి మిషన్ లేపే లివర్ ఎత్తుతావు. మా షెడ్డులో ఒకసారి అలా లేచిన కీ పైన రేకును చిల్లు చేసి అందులోనే ఇరుక్కుంది. అది పైకి పోయింది కాబట్టి ఆ రోజు అందరం అన్నం తిన్నాం. ఎదురుగా వచ్చి ఉంటే ఎవరి మొహమో ఉండేది కాదు. చక్ మార్చేటప్పుడు మెయిన్ ఆపెయ్. లివర్‌కు మోచేయి తగిలినా మిషన్ లేస్తుంది. బెడ్ (చక్ కింద ఉండే లేత్ దిమ్మె) మీద చెక్క పరిచి చక్ దింపు, లేకపోతే నీ వేళ్లు చక్‌కీ బెడ్‌కీ మధ్య పడతాయి.

చిప్స్‌ను చేత్తో లాగకు. స్టీలు మీద పొడుగ్గా రిబ్బనులా వస్తుంటుంది కదా, అది వేడిగా ఉంటుంది, బ్లేడులా కోస్తుంది, చివర ఇంకా జాబ్‌కు పట్టుకునే ఉంటుంది. మిషన్ ఆపి, బ్రష్‌తోనో కొక్కెంతోనో తియ్యి. రిబ్బను ఆగకుండా వస్తోందంటే ఫీడు కాస్త పెంచి చూడు, లేదా రిబ్బనును ముక్కలు చేసే చిప్ బ్రేకర్ ఉన్న టిప్ (టూల్ కొస) అడుగు. రాడ్డు హెడ్ స్టాక్ (చక్‌ను తిప్పే పెట్టె) వెనకనుంచి మూరెడు బయటికి ఉంటే సపోర్టు లేకుండా స్పీడు పెంచకు, అది వంగి కొరడాలా కొడుతుంది. డ్రిల్ కింద పలచటి ప్లేటును చేత్తో పట్టుకోకు. బిట్ అవతలికి దిగే క్షణంలో ప్లేటును పట్టేసి ఫ్యాన్ రెక్కలా తిప్పుతుంది. వైస్ ఉంది, క్లాంపులున్నాయి. మీ షాపులో సీఎన్‌సీ (కంప్యూటర్‌తో నడిచే మిషన్) ఉంటే, తలుపు తీస్తే మిషన్ ఆపే డోర్ స్విచ్‌ను ఎవరైనా జంపర్ వైరు వేసి మోసం చేశారేమో చూడు. అలా చేసి ఉంటే ఆ మిషన్ ముందు నిలబడకు.

గ్రైండర్ దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుదాం, ఎందుకంటే అక్కడికి అందరూ ఏమరుపాటుగా వెళతారు, టూల్ పదును పెట్టుకుని రెండు నిమిషాల్లో వచ్చేద్దామని. వీల్‌కూ (తిరిగే సానరాయి) టూల్ ఆనించే రెస్ట్‌కూ మధ్య సందు 3 ఎం.ఎం. మించకూడదు. వీల్ అరిగేకొద్దీ సందు పెరుగుతుంది, రెస్ట్‌ను ఎవరూ ముందుకు జరపరు. ఒకరోజు టూల్ ఆ సందులోకి దిగుతుంది, వీల్ పగులుతుంది. కొత్త వీల్ బిగించేముందు వేలికి వేలాడదీసి చెక్క పిడితో మెల్లగా తట్టు. మంచి కుండలా ఖంగుమంటే బాగున్నట్టు. మొద్దుగా మోగితే లోపల పగులుంది, పారెయ్. అమ్మ సంతలో కుండ కొనేటప్పుడు తట్టి చూసేది గుర్తుందా, అదే పరీక్ష. బిగించాక పక్కకు నిలబడి ఒక నిమిషం ఖాళీగా తిరగనివ్వు. అల్యూమినియం, ఇత్తడి ఆ వీల్ మీద పెట్టకు. మెత్తటి లోహం రంధ్రాల్లో పూడుకుపోయి వీల్ వేడెక్కుతుంది.

కళ్లద్దాలు. అమ్మ డబ్బు పెట్టాల్సింది వీటికి. పక్కలు మూసిన గాగుల్స్ ఒక జత కొనుక్కుని, షెడ్డులో అడుగు పెట్టినప్పుడు పెట్టుకుని బయటికొచ్చాకే తియ్యి. నీ మిషన్ ఆగినా పక్కవాడిది తిరుగుతూనే ఉంటుంది. కంట్లో ఏదైనా పడితే నలపకు. కర్చీఫు కొసతో తీస్తానని, అగ్గిపుల్లతో తీస్తానని ముందుకొచ్చే పెద్దమనుషులు ప్రతి షాపులో ఉంటారు. వాళ్లకు దండం పెట్టి ఆసుపత్రికి పో. హైదరాబాద్‌లోనే ఉన్నావు, సరోజినీ దేవి కంటి ఆసుపత్రి ఉంది. ఇనుప రవ్వ కంటి నల్లగుడ్డు మీద ఒక్క రోజు ఉన్నా తుప్పు దిగుతుంది. సుత్తితో స్టీలు మీద కొట్టేటప్పుడు ఎగిరిన ముక్క ఒక్కోసారి కంటి లోపలికే దూసుకుపోతుంది, పెద్దగా నొప్పి కూడా ఉండదు. నొప్పి లేదు కదా అని ఊరుకుని చూపు పోగొట్టుకున్నవాళ్లున్నారు. ఎయిర్ గన్‌తో ఒంటి మీద దుమ్ము ఊదుకోకు, ఎవరి మీదికీ సరదాకి కూడా పట్టకు. చర్మంలోకి, చెవిలోకి గాలి పోతే ప్రాణం మీదికి వస్తుంది.

అంత జాగ్రత్తపడ్డా ఏదైనా జరిగితే ఏం చేయాలో ఇప్పుడే తెలుసుకో, అప్పుడు ఆలోచించే తీరిక ఉండదు. ఎవరైనా చిక్కుకుంటే మనిషిని లాగకు. ముందు మెయిన్ ఆపు. మిషన్‌ను రివర్స్‌లో తిప్పి విడిపిద్దామనుకోకు, గాయం రెట్టింపవుతుంది. రక్తం కారుతుంటే శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి, చెయ్యి పైకెత్తి పట్టుకోవాలి. పసుపు వద్దు, కాఫీ పొడి వద్దు, గ్రీజు అసలే వద్దు. వేలు తెగి పడితే వెతికి తీసుకో. మురికి ఉంటే మంచినీళ్లతో పైపైన కడిగి, తడిపి పిండిన శుభ్రమైన గుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ సంచిలో వేసి మూతి బిగగట్టు. ఆ సంచిని ఐసు వేసిన నీళ్లలో పెట్టు. వేలు నేరుగా ఐసుకు తగలకూడదు, గడ్డకట్టి కణాలు చచ్చిపోతాయి. 108కి ఫోన్ చేసి, తెగిన వేలు అతికించే సర్జన్ ఉన్న ఆసుపత్రికే పోవాలని చెప్పు. మీ పక్క షెడ్డు ఆయన వేలు ఏం చేశారో నువ్వు రాయలేదు. చాలాచోట్ల కంగారులో చెత్తతో పాటు ఊడ్చేస్తారు.

ఆసుపత్రిలో డాక్టరు అడిగితే పనిలో తగిలిందనే చెప్పు. ఇది బాగా గుర్తు పెట్టుకో. నా వేలు విరిగినప్పుడు మా ఓనర్ ఆటోలో పక్కనే కూర్చుని, 'బాత్రూంలో జారిపడ్డానని చెప్పు, ఖర్చంతా నేను చూసుకుంటా' అన్నాడు. చెప్పాను. కట్టు కట్టించిన డబ్బులిచ్చాడు. తర్వాత రెండున్నర నెలలు ఇంట్లో కూర్చుంటే పలకరించలేదు. బాత్రూంలో పడ్డవాడికి ఏ చట్టమూ ఏమీ ఇవ్వదు కదా.

మీ షాపులో పద్నాలుగు మంది అన్నావు. పది మంది ఉంటే చాలు, ఈఎస్ఐ (ఉద్యోగుల ప్రభుత్వ బీమా) వర్తిస్తుంది, నెల జీతం 21 వేల లోపు ఉన్నవాళ్లందరికీ. నీ 14 వేలలో నీ వాటా 0.75 శాతం, అంటే నెలకు 105 రూపాయలు. ఓనర్ వాటా 3.25 శాతం, అంటే 455. ఈ డబ్బుకు, పనిలో గాయమై మంచాన పడితే దాదాపు జీతంలో 90 శాతం చొప్పున వస్తుంది. శాశ్వతంగా వేలో చెయ్యో దెబ్బతింటే, ఎంత నష్టమైందో చూసి ఆ లెక్కన నెలనెలా ఇస్తారు. దీనికి ఇన్ని నెలలు కట్టి ఉండాలన్న నియమం లేదు. సనత్‌నగర్ ఈఎస్ఐ ఆసుపత్రి మీకు పక్కనే. రేపే వెళ్లి ఓనర్‌ను నీ ఈఎస్ఐ నంబరు అడుగు. కొత్తవాడివని మొహమాటపడకు. ఈఎస్ఐ లేని చిన్న షాపులోనైనా పనిలో తగిలిన దెబ్బకు పరిహారం యజమానే ఇవ్వాలని 1923 నుంచే చట్టం ఉంది.

పని మానేయాలా అని అడిగావు. ఇప్పుడే వద్దు. నీ భయం చూసి నేను దిగులుపడలేదు, చేరిన నెలన్నరకే భయం పోయినవాళ్లను చూస్తేనే నాకు దిగులు. కానీ నిద్ర పట్టకపోవడం వేరే సంగతి. నిద్ర లేని కళ్లతో మిషన్ దగ్గర నిలబడటం తాగి నిలబడటంలాంటిదే. పక్క షెడ్డులో జరిగింది నీ కళ్లతో చూశావో, విన్నావో తెలియదు. రెండు వారాల్లో తగ్గకపోతే డాక్టరుకు చెప్పు, సిగ్గుపడే విషయం కాదు. ఈలోగా పొద్దున్నే షాపుకు వెళ్లగానే మిషన్ ఆన్ చేయకముందు దాని చుట్టూ ఒకసారి తిరిగి, ఎమర్జెన్సీ స్విచ్ నొక్కి పనిచేస్తోందో లేదో చూడు. పాత లేత్ అయితే ఫుట్ బ్రేక్ తొక్కి చూడు. నేను ఇది రోజూ చేసేవాణ్ని. చేతులకు అది అలవాటైతే వణుకు తగ్గుతుంది.

ఒక నెల చూడు. స్విచ్ పాడైందని చెప్పినా బాగుచేయించకపోయినా, ఆపి కొలిచినందుకు జీతం కోసినా, ఈఎస్ఐ నంబరు అడిగితే దాటేస్తున్నా ఆ షాపు వదిలెయ్. పని వదలకు. టర్నర్‌గా చేతిలో విద్య ఉన్నవాడివి, బాలానగర్‌లో, జీడిమెట్లలో, చర్లపల్లిలో ఇంకా ఎన్నో షెడ్లున్నాయి. మీ బాలానగర్‌లోనే 1968లో పెట్టిన సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ ఉంది. వీలు చూసుకుని అక్కడ ఏ కోర్సులున్నాయో కనుక్కో. పద్ధతిగా నడిచే షాపు ఎలా ఉంటుందో ఒకసారి కళ్లతో చూస్తే, ఇక తక్కువ దానికి ఒప్పుకోబుద్ధి కాదు.

ఆ గ్లోవ్స్ బల్ల కింద నుంచి తీసి దులిపి, మిషన్‌కు దూరంగా గోడ మేకుకు తగిలించు. శనివారం మిషన్లన్నీ ఆపి స్క్రాప్ ఎత్తుతారు కదా, చిప్స్ గంపల్లోకి ఎత్తేటప్పుడు వేసుకో. అంచులు పదునుగా ఉన్న ప్లేట్లు మోసేటప్పుడు వేసుకో. మేస్త్రీ ఏమీ అనడు. రాత్రి అమ్మకు ఫోన్ చేసినప్పుడు 'నువ్వు పంపినవి వాడుతున్నానమ్మా' అని చెప్పొచ్చు, అబద్ధం ఆడే పని లేకుండా.